కోత పండుగ హర్రాజు

“తెచ్చిన మటన్ కసాయాయన వాపస్ తీస్కుంటడా వదినె? నువ్వే చెప్పు,” అన్నాడు ఎలీషా మళ్ళీ.

“వాపస్ ఇయ్యమని నేనన్ననా? వండుత. మనం తిందాం. వచ్చేటాయనకు మాత్రం చాయ్, బిస్కూట్. గంతే,” అంది రోజీ. చర్చికి కట్టుకున్న చీర కూడా మార్చుకోకుండా ఉల్లిగడ్డలు కోస్తోంది.

చర్చికి పోయే ముందు మొదలైన వాదన అది. ఆరాధన అయ్యేదాకా ఆగి, ఇంట్లో అడుగు పెట్టగానే ఎక్కడ వదిలారో అక్కడే అందుకుంది.

ఎలీషా తల్లి కాంతమ్మ మంచం మీద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తూ కొడుకు పక్షమే మాట్లాడింది. “పగటియాళ్ళ ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండ పంపుతవా రోజమ్మా? మీ బల్లార్షాల గట్లనే చేస్తరా?”

“మా అమ్మగారింటికి గిసొంటోళ్ళు రారు అత్తమ్మా. కోర్టుల మనతోని కొట్లాడుడు, ఇంట్ల మన చేతి కూర తినుడు, రెండూ ఎట్లయితయ్?”

“తింటే జెర నోరు మెత్తబడ్తది గద,” అన్నాడు ఎలీషా.

“ఆయన నోరు మెత్తగనే ఉంటది. గట్టిగుండాల్సింది మనది.”

కిటికీ దగ్గర కాలేజీ పుస్తకం పట్టుకుని కూర్చున్న నిర్మల తల ఎత్తకుండానే అంది, “కాకా, మోహరీల్ అంటే బామన్లు. మటన్ ముట్టరు. వాసనకే లేచి పోతడేమో.”

కాంతమ్మ చేతిలో ఎల్లిపాయ ఆగిపోయింది. ఎలీషా అన్న కూతురి వైపు కోపంగా చూశాడు. “గీ మాట నిన్న చెప్పద్దా?”

“నన్నెవలు అడిగిండ్రు? మీరు పెద్దోళ్ళు, మోఠీ బోలణీ నడిపిస్తుండ్రు.”

పెద్ద సంప్రదింపులట. గుమ్మంలో కూర్చుని చెప్పుల బురద గీకుతున్న లెవీకి నవ్వొచ్చింది. భర్త నవ్వు చూసి రోజీ కూడా నవ్వింది. ఆ పూట చాయ్, బిస్కూట్లే అని తేలింది. రోజీ మాట మీద కాదు, వచ్చేవాడి కులం మీద.

వస్తున్నది నాగపూర్ కంపెనీ మేనేజరు మోహరీల్. ఆ కంపెనీ మీద రోజీ కేసు వేసి సంవత్సరం దాటింది. కేసు స్క్రేపర్ అనే ఒక గీకుడు పరికరం గురించి. గనుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో, కరెంటు కార్ఖానాలో బొగ్గును మోసే పొడవాటి రబ్బరు బెల్టులుంటాయి. వానాకాలం తడి బొగ్గు బెల్టుకు అంటుకుని, అది తిరిగి వచ్చే దారి పొడుగునా కింద రాలుతుంది. దాన్ని గీకేయడానికి ఒక ఇనుప పట్టీ బిగిస్తారు. ఆ పట్టీ బెల్టు అతుకు దగ్గర తట్టుకుని, అతుకును చింపేది. లెవీ ఆ పట్టీని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క వెనక రబ్బరు దిమ్మ పెట్టాడు. అతుకు వచ్చినప్పుడు ముక్క వంగి, దాటగానే లేస్తుంది. చెప్పుకుంటే అంతే. అది కుదరడానికి అతనికి రెండు వానాకాలాలు పట్టింది.

ఆడవాళ్ళ పేరు మీదైతే బ్యాంకులో వడ్డీ తక్కువని అప్పట్లో చంద్రపూర్‌లో లేతు షెడ్డును రోజీ పేరున పెట్టారు. రోజీ ఇంజినీరింగ్ వర్క్స్. పేటెంటు కూడా ఆ పేరు మీదే తీసుకున్నారు. పద్నాలుగేళ్ళ దాకా ఇంకెవరూ ఆ వస్తువు చేసి అమ్మకూడదని సర్కారు ఇచ్చిన హక్కు అది. పేరు ఆమెదే అయినా పని అన్నదమ్ములదే కాబట్టి సంతకం అవసరమైనప్పుడు మాత్రం ఆమెను పిలిచేవారు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి సంతకం పెట్టి వెళ్ళేది.

ఆ తర్వాత మంచి రోజులు వచ్చాయి. దేశంలో తలుపులన్నీ తెరుస్తున్నారని పేపర్లు రాశాయి. గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు కొత్త కొత్త లైన్లు వేశాయి. మాజ్రి దగ్గర కొత్త గనులు తవ్వారు. బెల్టు వేసిన ప్రతిచోటా స్క్రేపర్ కావాలి. ఆ రోజుల్లోనే లెవీ ఒక సిమెంటు ఫ్యాక్టరీలో తన స్క్రేపర్ లాంటిదే ఇంకొకటి చూశాడు. దాని మీద నాగపూర్ కంపెనీ పేరు ఉంది. ఇంటికొచ్చి, “వెల్డింగ్ మనకంటె మంచిగ చేసిండ్రు,” అని చెప్పాడు. రోజీ ఎవరైనా వకీలును అడుగుదామంది. అన్నదమ్ములిద్దరూ కొట్టిపారేశారు. “ఉన్న ఆర్డర్లకే నిద్ర లేదు. కోర్టు చుట్టు ఎవలు తిరగాలె? వాళ్ళూ బతకనీ,” అన్నాడు లెవీ. ఆ మాట అప్పుడు దొడ్డ మనసులా వినిపించింది.

తర్వాత మార్కెట్ పడిపోయింది. సిమెంటు సంచులు గోదాముల్లో గట్టిపడసాగాయి. కొత్త లైన్ల పనులు సగంలో ఆగాయి. పాత బెల్టులకే అతుకులేసి నడుపుకుంటున్న ఫ్యాక్టరీల వాళ్ళు ఏది చవకైతే అది కొన్నారు. నాగపూర్ కంపెనీ పెద్దది, ధర తగ్గించి తట్టుకోగలదు. ఇక్కడ షెడ్డులో రెండు లేతు మిషన్లలో ఒకటి ఆగింది. పనివాళ్ళను ఒక్కొక్కరిగా పంపేశారు. అప్పుడు గుర్తొచ్చింది పేటెంటు.

తాజ్నే వకీలు నాగపూర్‌లో కాగితాలన్నీ చూసి కళ్ళద్దాలు తీసి, “పని ఉన్న రోజుల్లో ఒక్కరూ నా దగ్గరికి రారు. పని లేకుండా పోయాక ఐదేళ్ళ నాటి కోపాలన్నీ పట్టుకొస్తారు,” అన్నాడు. చంద్రపూర్ జిల్లా కోర్టులో కేసు వేస్తే, పేటెంటే చెల్లదని ఎదుటివాళ్ళు అడ్డం కేసు వేశారు. దాంతో అంతా నాగపూర్ హైకోర్టుకు మారింది. తీర్పు వచ్చేదాకా వాళ్ళ అమ్మకాలు ఆపమంటే జడ్జి ఆపలేదు. ఇన్నేళ్ళు ఊరుకున్నవాళ్ళకు ఇప్పుడింత తొందరేమిటి అన్నాడట. ఇక మంగళవారం రోజీ బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. దానికి ముందు ఆదివారం మోహరీల్ ఇంటికి వచ్చి మాట్లాడతానని కబురు పెట్టాడు.

ఆయన గొడుగు బయటే ఆరబెట్టి, బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. కాంతమ్మకు వంగి నమస్కారం చేశాడు. బిస్కూటు చాయ్‌లో ముంచుకుని తిన్నాడు. హిందీలోనే మాట్లాడినా రోజీని “వహినీ” అని, లెవీని “భావూ” అని మరాఠీలో వదినా, అన్నా అన్నట్టు పిలిచాడు. వంటింట్లో పొయ్యి మీద మటన్ ఉడుకుతున్న వాసన వస్తుంటే ఏమీ ఎరగనట్టే ఉన్నాడు.

“లెవీ భావూ చేతి పని మా వాళ్ళెవరికీ రాదు. నేను మా డైరెక్టర్ల ముందే ఈ మాట చెప్పాను,” అని మొదలుపెట్టాడు. “కేసు వెనక్కి తీసుకోండి. పేటెంటు మా కంపెనీ పేరుకు మార్చండి. స్క్రేపర్లన్నీ మీ షెడ్డులోనే చేయిస్తాం. మూతపడిన లేతు రేపటి నుంచే తిరుగుతుంది.”

“వస్తువు మీద పేరు?” అని అడిగింది రోజీ.

“మా పేరే ఉంటుంది వహినీ. అమ్మేది మేం కదా.”

ఎలీషా కుర్చీలో ముందుకు జరిగాడు. లెవీ చాయ్ గ్లాసు వైపు చూస్తున్నాడు. రోజీ, “కేసు నడుస్తనే ఉంది గద సాబ్. తీర్పు రానీయండి,” అంది.

మోహరీల్ గ్లాసు కింద పెట్టాడు. గొంతు మాత్రం మార్చలేదు. “మా దగ్గర ఒక ఫిట్టర్ ఉన్నాడు. మీ చర్చి మనిషే. మీ కోత పండుగ గురించి చెప్పాడు. చాలా మంచి ఆచారం. రైతు ధాన్యం తెస్తాడు, ఇంకొకరు కోడి తెస్తారు, అన్నీ ఆవరణలో పెట్టి హర్రాజు వేస్తారట. ఒక ఏడాది లెవీ భావూ ఒక కొత్త వస్తువు తెచ్చాడట. మీరు పేటెంటుకు దరఖాస్తు పెట్టడానికి ముందు ఏడాది.”

కాంతమ్మ లెవీ వైపు చూసింది.

“దరఖాస్తుకు ముందే నలుగురికీ చూపించి అమ్మిన వస్తువు కొత్తది కాదు. కొత్తది కానిదానికి పేటెంటు లేదు. మంగళవారం మా వకీలు మిమ్మల్ని బోనులో అడిగే మొదటి ప్రశ్న ఇదే. నాకు అడిగించడం ఇష్టం లేదు. అందుకే వచ్చాను.”

రోజీ అడిగింది. “అడిగి పేటెంటు కొట్టేయించొచ్చు గద సాబ్. అప్పుడు మీకు అడ్డమే లేదు. పైసా ఇయ్యకుండ చేసుకోవచ్చు. ఇంత దూరం వానలో ఎందుకు వచ్చిండ్రు?”

“కొట్టేస్తే మేమే కాదు కదా, రాయ్‌పూర్ కంపెనీ వాడు కూడా చేస్తాడు. ఇప్పటికే మాకంటే తక్కువకు...” అని ఆగాడు మోహరీల్. తర్వాత నవ్వి, “అందరికీ కష్టకాలమే వహినీ,” అన్నాడు. ఒప్పంద కాగితం బల్ల మీద పెట్టి, సోమవారం సాయంత్రం దాకా ఫోన్ దగ్గరే ఉంటానని చెప్పి వెళ్ళిపోయాడు.

మటన్ వడ్డించారు కానీ మాటలతోనే సగం చల్లారింది.

ఆ ఏడు ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. మొదటి స్క్రేపర్ సరిగ్గా కుదిరింది కోత పండుగకు ముందు వారం. కాంతమ్మ పట్టుబట్టింది. పొలం ఉన్నోళ్ళు తొలి పంట దేవునికి తెస్తారు, మనకు పొలం లేదు, కొడుకు చేతి పనే మన పంట అంది. లెవీ దానికి పచ్చరంగు వేశాడు. గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళ మధ్య దాన్ని పెట్టారు. పాస్టరుగారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. హర్రాజులో గనిలో పనిచేసే అబ్బయ్య పాడుకున్నాడు. అదేమిటని ఎవరో అడిగితే లెవీ సంతోషంగా విప్పి చూపించాడు కూడా.

“దేవునికి ఇచ్చింది తప్పెట్లయితది?” అంది కాంతమ్మ. అన్నం కలపడం ఆపేసింది. “అది అమ్ముడు కాదు గద. కానుక. హర్రాజుల కొన్నోడు కూడ కొన్నట్టు కాదు, ఆయన కూడ కానుక ఇచ్చినట్టే.”

“గిది జడ్జికి ఎవలు చెప్తరమ్మా?” అన్నాడు ఎలీషా. “అసలు గంత దూరం ఎందుకు పోవాలె? కొన్నది అబ్బయ్య తాత. ఆయన మనోడే. నేను స్క్రేపర్ కొనలేదు, గుమ్మడికాయ కొన్న అంటే అయిపాయె. ఫిట్టర్ మాట ఒక్కటే మిగులుతది. వానికి కంపెనీ జీతమిస్తుంది, వాని మాట ఎవలు నమ్ముతరు?”

“మరి నన్నడిగితే?” అంది రోజీ.

“నీకు తెల్వదను. ఆడోళ్ళు వంట దగ్గర ఉన్నరను.”

“ఆ ఏడు వంట చేసింది మొగోళ్ళు కాకా. నానమ్మ ఇంకా తిడ్తది, పులుసుల ఉప్పెక్కువైందని,” అంది నిర్మల.

“నువ్వు అన్నం తిను.”

అప్పుడు లెవీ నోరు విప్పాడు. అతను మాట్లాడేది తక్కువ కాబట్టి అందరూ ఆగారు. “అబద్ధం ఎందుకు, కొట్లాట ఎందుకు? ఆ కాగితం మీద సంతకం పెట్టు రోజీ. ఎవల పేరు కొడ్తే ఏంది, చేసేది మనమే గద. పొద్దుగాల షెడ్డు తాళం తీస్త, మళ్ళ వేస్త. లేతు మీద బట్ట కప్పుకుంట కూసుంటున్న. నాకు పని కావాలె.”

రోజీ భర్త చేతుల వైపు చూసింది. ఎప్పుడూ నూనె మరకలతో నల్లగా ఉండే గోళ్ళు నాలుగైదు నెలలుగా తెల్లబడ్డాయి. ఎలీషాతో వాదించగలదు. ఈ చేతులతో వాదించడం కష్టం.

“పని నాకూ కావాలె నిర్మల డాడీ. కాని వాళ్ళ పేరు కొట్టినంక వాళ్ళు ఇంకొకనితోని చేయిస్తే మనం ఏమంటం? ఎవలను పట్టుకుంటం?” అంది.

ఎలీషా చేతులు కడుక్కుని, “మొదలు అబ్బయ్య తాత దగ్గరికి పోదాం పా వదినె. ఆయన ఏమంటడో విందాం,” అన్నాడు. రోజీ సరేనంది.

అబ్బయ్య గని నుంచి రిటైరై ఊరి చివర దుర్గాపూర్‌లో కూతురు దగ్గర ఉంటున్నాడు. వాన వెలిసింది. వెళ్ళేసరికి వాకిట్లో కోళ్ళను గూట్లోకి తోలుతున్నాడు. రోజీని చూడగానే కూతురిని కేకేసి చాయ్ పెట్టమన్నాడు.

“యాదికున్నదా మామా, మా ఆయన చేసిన వస్తువు హర్రాజుల పాడుకున్నవు?”

“యాదికి లేకేంది బిడ్డా. పాస్టరుగారు పాట మొదలు పెడితె ఒక్కడు నోరు తెరవలె. అది ఏందో ఎవనికి ఎరుక? దేవుని ముందల లెవీ మొకం చిన్నగాబట్టె. నేను చెయ్యి లేపిన. ఇంటికి తెస్తె మా ముసల్ది, గుమ్మడికాయ తెమ్మంటె గుమ్మం పట్టె తెచ్చినవా అని తిట్టింది. ఆమె ఉన్నన్ని రోజులు తిట్టింది.”

“మరి ఏం చేసినవు తాతా దాన్ని?” అన్నాడు ఎలీషా.

“రబ్బరు మంచిగుండె. రెండు జతల చెప్పులకు అడుగులేసుకున్న. ఇనుము గూట్ల ఉంది, కోళ్ళు ఎక్కి కూసుంటయ్. ఏం, వాపస్ కావాల్నా?”

రోజీ వంగి చూసింది. చీకటి గూట్లో అడ్డంగా ఉన్న పట్టీ మీద పచ్చరంగు ఆనవాలు కూడా లేదు. ఒక పెట్ట అక్కడి నుంచి ఆమెను కోపంగా చూస్తోంది.

ఎలీషా మెల్లగా సంగతంతా చెప్పాడు. నాగపూర్ కంపెనీ, కోర్టు, గుమ్మడికాయ. అబ్బయ్య శ్రద్ధగా విన్నాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా చాయ్ అంచు దాటి ఒలుకుతోంది. అతని చేతులు కొన్నేళ్ళుగా అలాగే వణుకుతాయి.

“గుమ్మడికాయ అనుమంటె గుమ్మడికాయ అంట. నాదేం పోయింది?” అన్నాడు. కాసేపాగి, “అక్కడ దేవుని పేరు మీద ఒట్టు పెట్టిస్తరు గద?” అని అడిగాడు.

“ఆ. అందరికీ పెట్టిస్తరు తాతా. ఉత్త మాటనే అది.”

“కాదులే, అడిగిన. లెవీ కోసం చెప్పనా మరి? నా పెండ్లాం పోయిన్నాడు పెట్టె కొట్టించింది లెవీనే.” మళ్ళీ గ్లాసు వైపు చూసుకున్నాడు. “ఆదివారం వాక్యం చదివేది నేను గద బిడ్డా, ఆ ఫిట్టర్ పోరడు ముందు వరుసల కూసుంటడు. గంతే, ఇంకేం లేదు. నువ్వు చెప్పు, ఏమనుమంటవో.”

రోజీ అతని చేతిలో గ్లాసు తీసుకుని కింద పెట్టింది. “ఏమనద్దు మామా. నిన్ను ఎవ్వరూ పిలవరు. చాయ్ చల్లారనీ, తాగుదువు,” అంది.

బయటికి వచ్చాక ఎలీషా రోడ్డు దాకా ముందు నడిచాడు. తర్వాత, “ఆయన ఒప్పుకున్నడు గద వదినె,” అన్నాడు.

“ఒప్పుకున్నడు. గందుకే వద్దంటున్న.”

“అయితే సంతకం పెడ్తవా?”

“జెర ఆగు ఎలీషా. నన్ను ఆలోచన చేసుకోనీ.”

ఆలోచిస్తూ నడిచింది. పేటెంటు నిజంగా పనికిరానిదైతే మోహరీల్ బూట్లు విప్పి వచ్చి ఆ పలచటి చాయ్ తాగేవాడు కాదు. మార్కెట్ బాగున్నప్పుడు ఆ కాగితం వాళ్ళకూ అక్కరలేదు, తమకూ అక్కరలేదు. తినేవాళ్ళందరికీ సరిపోయినన్నాళ్ళు ఎవరి పళ్ళెం ఎవరిదో ఎవరూ అడగలేదు. ఇప్పుడు సరిపోవడం లేదు. తనకు నాగపూర్ వాడు ఎట్లాగో, నాగపూర్ వాడికి రాయ్‌పూర్ వాడు అట్లాగే తయారయ్యాడు. తన దగ్గర ఉన్నది అతనికి కావాలి. కావాలి కాబట్టే భయపెట్టాడు. ఆ భయంతోనే సంతకం పెడితే, అది ఎంత విలువైనదో తెలిసీ ఇచ్చేసినట్టు. గుమ్మడికాయ అనిపిస్తే, ఆ ముసలాయన వచ్చే ఆదివారం వాక్యం చదవడానికి లేవలేడు.

చౌరస్తాలో ఎస్‌టీడీ బూత్ తెరిచి ఉంది. ఆదివారం సగం రేటు కాబట్టి వరుస ఉంది. ఎలీషాను బయట నిలబెట్టి వకీలు ఇంటికి ఫోన్ చేసింది. కోత పండుగ దగ్గర నుంచి కోళ్ళ గూడు దాకా తాజ్నేకు అంతా చెప్పింది. “ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు మరాఠీలో.

“అది అమ్మకమని మాకు తట్టలేదు సాహెబ్. కానుక అనుకున్నాం. పండక్కి ఇచ్చినవి ఎవరైనా వకీలుకు చెప్తారా?”

“ఓడిపోవచ్చు వహినీ. ముందే చెప్తున్నాను. కానీ వాదించడానికి లేకపోలేదు. బెల్టు లేదు, యంత్రం లేదు, కొన్నవాడికి అదేమిటో తెలియదు. వాళ్ళు అడిగి బయటపెట్టేదానికీ, మీరే ముందు చెప్పేదానికీ జడ్జి ముందు చాలా తేడా ఉంటుంది. ఆ కోళ్ళ గూడు సంగతి కూడా చెప్పండి. కానుక మాట ఏ చట్టంలోనూ లేదు. అయినా చెప్పండి.”

“గెలుస్తామంటారా?”

“నేను ఎప్పుడూ అనను.”

దారిలో బాలకిషన్ దుకాణం దగ్గర ఆగింది. అల్యూమినియం కిటికీలు చేసే బాలకిషన్ తన చోటు చాలడం లేదని, షెడ్డులో సగం కిరాయికి ఇమ్మని ఎండాకాలం నుంచీ అడుగుతున్నాడు. అన్నదమ్ములు నామోషీగా భావించి జవాబివ్వలేదు. రోజీ అతనితో అక్కడే నిలబడి మాట్లాడింది. ఎలీషా వింటూ నిలబడ్డాడు. దసరా నుంచి వస్తానన్నాడు బాలకిషన్. బెల్టుల కింద తిరిగే పాత రోలర్లు బాగుచేసే పని మాజ్రిలో తనకు తెలిసినవాళ్ళ దగ్గర ఉందని, లెవీ చేస్తానంటే మాట్లాడతానని కూడా అన్నాడు. “పెద్ద పని కాదు వదినమ్మా, చిల్లర పని,” అన్నాడు.

“చిల్లర పనే కానీయండి. ఆయన చేతులకు పనుంటే చాలు,” అంది రోజీ.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. కాంతమ్మ చాప పరిచి ఉంచింది. రోజూ ఆ వేళకు ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రార్థన చేసుకుంటారు. మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరు తమ కోసం ఏం అడగాలో చెప్తారు, కాంతమ్మ అన్నీ కలిపి ప్రార్థిస్తుంది. నిర్మల ఒక పాట చరణం పాడింది. తెలుగు పాటే, కానీ ఆమె దగ్గర అది మరాఠీ అక్షరాల్లో రాసి ఉంటుంది.

“చెప్పిండ్రి మరి,” అంది కాంతమ్మ కళ్ళద్దాలు సర్దుకుంటూ. “నా మోకాళ్ళ సంగతి దేవునికి ఎరుకనే.”

“అకౌంట్స్ పేపర్,” అంది నిర్మల.

“మళ్ళీనా?” అన్నాడు ఎలీషా. తన వంతు వచ్చేసరికి, “షెడ్డు నడవాలె,” అని మాత్రం అని వదిన వైపు చూశాడు.

“అందరం మంచిగుండాలె,” అన్నాడు లెవీ. అతను రోజూ అడిగేది అదే.

రోజీ కొంగు తల మీదికి లాక్కుంది. గొంతు పెంచలేదు. కూర్చున్న నలుగురికీ వినబడేంత మాత్రమే మాట్లాడింది.

“రేపు సాయంత్రం రైలుకు నాగపూర్ పోతున్న. కేసు వాపస్ తీసుకోను, ఆ కాగితం మీద సంతకం పెట్టను. మొదటి స్క్రేపర్ కోత పండుగ హర్రాజుల పెట్టినమని, అబ్బయ్య మామ పాడుకున్నడని వాళ్ళు అడుగకముందే జడ్జికి నేనే చెప్త. అది కానుక అని అత్తమ్మ అన్న మాట కూడ చెప్త. పేటెంటు పోతె పోతది. షెడ్డు సగం బాలకిషన్‌కు కిరాయికిచ్చిన, దసరాకు వస్తడు. మాజ్రిల రోలర్ల పని ఉందట, నిర్మల డాడీ పోయి చూస్తె మంచిది.”

లెవీ తన చేతుల వైపు చూసుకున్నాడు. “మాజ్రికి పొద్దున బస్సు ఎప్పుడున్నది నిర్మలా?” అని కూతురిని అడిగాడు.

“ఏడింటికి డాడీ.”

“నీ కోసం ఏమడగాలె రోజమ్మా?” అంది కాంతమ్మ.

“బోనుల నోరు తడబడకుండ చూడుమని అడుగు అత్తమ్మా,” అంది రోజీ, కళ్ళు మూసుకుంది.